కాపీ కొట్టనన్న అక్క

అక్క పోయిందని నాకు రెండు మెసేజ్‌లు వచ్చాయి. ఒకదాంట్లో మంగళవారం అని ఉంది, ఇంకోదాంట్లో బుధవారం అని ఉంది. ఇంకెవరి విషయంలోనైనా అయితే, పోయిన మనిషి ఎట్లాగూ పోయింది, ఏ వారమైతే ఏమిలే అని ఊరుకునేవాణ్ణి. ఈమె విషయంలో అలా ఊరుకుంటే లేచి వచ్చి నిలదీస్తుంది. అందుకని నెల్లూరు బస్సెక్కి వాళ్లింటికి పోయాను. కూర్చోబెట్టి నీళ్లిచ్చిన వాళ్ల అన్నను ముందు ఆ సంగతే అడిగాను. ఆయన టైలరు. చెల్లెలు పోయిన ఇంట్లో కూడా మెడలో టేపు అలాగే వేలాడుతోంది.

"ప్రాణం పోయింది మంగళవారం అన్నా. ఆసుపత్రోళ్లు కాగితం రాసింది బుధవారం," అన్నాడు. కళ్లు తుడుచుకుంటూనే నవ్వాడు. "నువ్వు అడుగుతావని అనుకున్నా. బతికుంటే అది కూడా ముందు ఇదే అడిగుండేది."

ఆఫీసులో అందరికీ ఆమె అక్కే. నేను ఆమెను అక్కా అనేవాణ్ణి, ఆమె నన్ను అన్నా అనేది, తొందరలో ఉంటే ఉత్త 'నా' అనేది. ఇద్దరిలో ఎవరు పెద్దో చివరిదాకా తేలలేదు. నా పుట్టిన తేదీ బడి కాగితంలో ఒకటి, ఆధార్ కార్డులో ఇంకొకటి ఉందని తెలిసిన రోజున ఆమె నన్ను నమ్మడం పూర్తిగా మానేసింది. అప్పటికి నమ్మకం మిగిలి ఉంటే కదా అనకండి, కాస్త ఉండేది.

మా పడవల సంఘానికి నెల్లూరులో పెద్దాఫీసు, సముద్రం ఒడ్డున పాలెంలో చిన్నాఫీసు. ఏ పడవ వేటకు పోయింది, అందులో మనుషులు ఎంతమంది, తిరిగి వచ్చిందా లేదా, ఇదంతా ఒడ్డున రాస్తే నెల్లూరులో ఉన్న సర్వరులో పడుతుంది. అది పెద్దది. పాలెంలో ఇంకో సర్వరు ఉంది, అది చిన్నది. పెద్దది ఏ పని చేసినా 'నేనిది చేశాను, నువ్వూ చెయ్యి' అని చిన్నదానికి కబురు పంపుతుంది. చిన్నది తు.చ. తప్పకుండా అదే పని చేస్తుంది. గాలివానకు నెట్టు తెగిపోయినా ఒడ్డున ఉన్నవాళ్లకు లెక్క కనిపించాలని ఈ ఏర్పాటు. రెండూ ఎప్పుడూ ఒకేలా ఉండాలి. ఉండవు. ఉండేలా చూడడం అక్క ఉద్యోగం. చిన్నాఫీసు జనరేటరుకు డీజిలు పోయడం నా ఉద్యోగం. జనరేటరు రోజుకు గంట కన్నా ఎక్కువ తాగేది కాదు కాబట్టి మిగతా పగలంతా నేను కథలు చెప్పేవాణ్ణి.

ఆమె మొదటిసారి పాలెం వచ్చింది వైరు తెగిందని. తెంపింది ఎండ్రకాయ అని చెప్పాను. సముద్రంలోంచి లేచి, ఇసుక దాటి, గడప ఎక్కి, నా కళ్లలోకి ఒకసారి చూసి మరీ కొరికిందని చెప్పాను. ఆమె తల ఊపి రాసుకుంది. మరునాడు టీ కొట్టు దగ్గర నలుగురికి అదే కథ చెబుతుంటే వెనకనుంచి గొంతు వినపడింది.

"నిన్న ఆ ఎండ్రకాయ అరచెయ్యంత ఉండాది నా. ఈ రోజు తాంబాళం అంత అయింది."

"రాత్రికి రాత్రి పెరిగింది అక్కా. వైరు తిన్నది గదా, బలం."

"నిన్న ఎడం కొండితో కొరికింది. ఈ రోజు కుడిది."

"అలిసిపోయి చెయ్యి మార్చింది."

కొట్టంతా నవ్వింది. ఆమె నవ్వలేదు. "సరే, నీ కాడ రెండు కాపీలు ఉండాయి, రెండూ చెడిపోయినాయి. ఇంక ఎండ్రకాయనే అడగాల," అని చెప్పి, టీ గ్లాసుతోనే సర్వరు గదిలోకి పోయి, నేలమీద బోర్లా పడుకుని తెగిన వైరు చూసింది. పందికొక్కు పళ్లు. ఆ పందికొక్కు దూరిన కన్నం కూడా చూపించింది. నేను తలుపు వేయకుండా సినిమాకు పోయిన సంగతి దాంతో బయటపడింది. మేనేజరుకు మాత్రం చెప్పలేదు. "కన్నం పూడ్చు. ఎండ్రకాయని ఉండనీ," అంది.

ఆమె నోట 'తప్పు' అనే మాట రాదు. 'తేడా' అంటుంది. ఎవరైనా గబుక్కున 'అక్కా, చిన్నదాంట్లో తప్పు పడింది' అంటే పెన్సిలు వాళ్లవైపు చూపించి, "నువ్వు చూసినావా? తేడా ఉండాదని చెప్పు. ఎవురిదో తరవాత తేల్చుదాం," అనేది. ఆమె తండ్రి కూడా టైలరే. చొక్కాకు కొలత తీసేటప్పుడు కుడిచెయ్యి వేరే, ఎడమచెయ్యి వేరే కొలిచేవాడట. మిగతా టైలర్లు ఒక చెయ్యి కొలిచి రెండు కుడతారు. "మనిషి రెండు చేతులూ ఒక పొడుగు ఉండవు నా. మా అబ్బాకి అది తెలుసు. అందుకే ఆయన కాడికి వచ్చినోళ్లు తక్కువ, వచ్చినోళ్లు మాత్రం ఇంకో కొట్టుకు పోలా," అనేది.

చెన్నై నుంచి వచ్చే ఇంజనీర్లకు ఒకటే వైద్యం తెలుసు. చిన్నదాంట్లో తేడా వస్తే చిన్నదాన్ని మొత్తం తుడిచేసి పెద్దదాని నుంచి మళ్లీ కాపీ కొట్టడం. గంటలో అయిపోతుంది, టీ తాగి కారెక్కుతారు. ఆమె కారు దాకా పోయి మరీ తిట్టేది.

"జొరం వచ్చిందని రోగిని పారేసి ఇంకో రోగిని పడుకోబెట్టినట్టుంది మీ యవ్వారం. జొరం యాడికి పోయినట్టు?"

ఆమె వెతికే పద్ధతి పాలెంలో ఆడవాళ్లకు కూడా తెలుసు, ఎందుకంటే అది వలలో చిరుగు వెతికే పద్ధతే. వల అంతా ఒకేసారి చూస్తే కళ్లు పోతాయి. సగానికి మడుస్తారు. ఈ సగం బాగుంటే వదిలేసి, ఆ సగాన్ని మళ్లీ సగం చేస్తారు. ఆమె కూడా రెండు సర్వర్లలో సగం సగం లెక్కకట్టి పోల్చేది. కలిసిన సగాన్ని పక్కనపెట్టి, కలవని సగాన్ని మళ్లీ విరిచేది. అలా విరుచుకుంటూ పోతే చివరికి ఒక్క వరుస మిగులుతుంది. అప్పుడు పెన్సిలు చెవి వెనక దోపుకుని, కుర్చీ వెనక్కి జరిపి, "దొరికినావు తల్లీ," అనేది. దొరికిన తేడాను ఆమె చూసే చూపు, దొంగను చూసే చూపు కాదు. తప్పిపోయిన మేకపిల్లను చూసే చూపు.

రాకెట్ ఎగిరే రోజు పాలెమంతా మిద్దెలెక్కి శ్రీహరికోట వైపు తిరిగి అరుస్తుంటే, ఈమె ఒక్కతే గదిలో కూర్చుని ఫోనులో నెల్లూరు సర్వరు ముందు కూర్చున్నవాణ్ణి సతాయించేది. "నిప్పు కనిపించంగానే మీట నొక్కు, నేను ఈడోళ్ల అరుపు విని నొక్కుతా." రెండు సర్వర్ల గడియారాలు కలిశాయా లేదా చూడడానికి ఆమెకు ప్రభుత్వం రాకెట్లు పంపుతోందని నేను ప్రచారం చేశాను. ఒకసారి గడియారాలు కలవలేదని రాకెట్‌ను వెనక్కి పిలిపించి మళ్లీ ఎగరేయించిందని కూడా చెప్పాను. నమ్మినవాళ్లున్నారు. కిటికీలోంచి ఒక్కసారైనా రాకెట్ చూడవా అక్కా అంటే, "అది పోయేది ఎట్టా పోతుంది. ఈ రెండిటినీ ఎవురు చూస్తారు?" అనేది.

ఇంతవరకు నేను అక్కడక్కడ ఉప్పు వేశాను. ఇక్కడినుంచి వేయను. వేయాల్సిన అవసరం లేదు.

తుఫాను హెచ్చరిక వచ్చిన రోజున వేటకు పోయినవాటితో సహా మా ఒడ్డు పడవలన్నిటికీ కొత్తగా లెక్క రాయాలని మా సంఘం నియమం. రాసేది కామాక్షమ్మ. పాలెం కోడలే, ఇద్దరు బిడ్డల తల్లి. ఆమె తడుస్తూ నిలబడి ఒక్కొక్క పడవ పేరు, మనుషుల లెక్క కొట్టి, ఒడ్డెక్కిన వాటి పక్కన 'వచ్చింది' అని వేసి, పని అయ్యాక బిడ్డలను తీసుకుని తుఫాను షెల్టరుకు పోయింది. మధ్యాహ్నం రెండయింది. కరెంటు పోయి నా జనరేటరు మోగుతోంది. నెట్టు తెగకముందే రెండు సర్వర్లూ సరిచూసుకోవాలని అక్క పొద్దున్నే వచ్చి కూర్చుంది. సగం, సగంలో సగం, దాంట్లో సగం. ఒక్క వరుస దగ్గర ఆగింది. ఈసారి 'దొరికినావు తల్లీ' అనలేదు.

పెద్దదాంట్లో ఆ పడవ పక్కన 'వచ్చింది' అని ఉంది. చిన్నదాంట్లో అక్కడ ఏమీ లేదు. ఉత్త ఖాళీ. మనుషులు ఐదుగురు.

మేనేజరుకు ఫోను చేసింది. స్పీకరు పెట్టింది కాబట్టి నాకూ వినపడింది.

"ఒక పడవ తేడా ఉండాది సార్."

"చిన్నదాంట్లోనే గదా? వెనకబడి ఉంటుంది. పెద్దదాని నుంచి కాపీ కొట్టెయ్. పడవలన్నీ చేరినాయని కంట్రోల్ రూముకు రిపోర్టు కూడా పంపించేసినా."

"వెనకబడలా సార్. దీని తరవాత రాసిన పడవల వరుసలన్నీ ఈడికి వచ్చినాయి. ఇదొక్కటే తేడా."

"అందుకే చెప్తుండా. కాపీ కొట్టు, తేడా పోతుంది."

"కొట్టను సార్."



"ఏందమ్మా?"

"కొట్టను. రెండిట్లో ఏది అబద్ధమో తెలిసిందాకా కొట్టను. కొట్టినానంటే ఈ ఖాళీ పోతుంది. ఈ ఐదుగురి సంగతి అడిగేది ఇదొక్కటే ఉండాది."

"నువ్వు కొట్టకపోతే నేను ఈడనుంచే కొట్టిస్తా. నీ ఉద్యోగం సంగతి తరవాత చూస్తా."

"మంచిది సార్," అని ఫోను పెట్టేసింది. లేచి సర్వరు వెనక్కి పోయి నెట్టు వైరు పీకింది. గోడలోంచి కూడా పీకింది. చుట్ట చుట్టి, తన టిఫిన్ డబ్బా తెరిచి, సగం తిన్న నిమ్మకాయ అన్నం మీద పెట్టి మూత బిగించింది. ఇక నెల్లూరులో ఎవరు ఏ మీట నొక్కినా చిన్నదాన్ని తాకలేరు.

"నా, బండి తియ్యి," అంది.

నా బండి మీద మూడు కిలోమీటర్లు. దారి పొడుగునా డబ్బాను ఒడిలో బిడ్డను పట్టుకున్నట్టు పట్టుకుని కూర్చుంది. షెల్టరులో కామాక్షమ్మ చిన్నబిడ్డ తల తుడుస్తోంది. అక్క ఆమె ముందు గొంతుక్కూర్చుని పడవ పేరు చెప్పింది.

"దాని పక్కన నువ్వు ఏం రాసినావమ్మే?"

"ఏమీ రాయలా అక్కా."

"ఎందుకు రాయలా?"

కామాక్షమ్మ తువ్వాలు ఆపింది. 

"రాలేదని రాయమంటావా అక్కా? నా చేత్తోనా? నీళ్లల్లో ఉన్నోళ్లను?"

మా పాలెంలో ఆ మాట ఎవరూ అనరు. పడవ రావడం ఆలస్యమైతే 'దారిలో ఉండాది' అంటారు. రాలేదు అన్న మాట నోటితో అంటే అదే నిజమవుతుందని భయం. చేత్తో రాయడమంటే ఇంకా భయం. అందుకని కామాక్షమ్మకు ముందు రాసిన ఆమె, ఆమెకు ముందు పలకమీద రాసిన ముసలాయన, అందరూ అక్కడ ఖాళీ వదిలేవాళ్లు. ఒడ్డున ఉన్నవాళ్లకు ఆ ఖాళీ చూస్తే గుండె జారుతుంది. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి ఇక్కడే ఉన్న నాకు అది సర్వరులో ఎలా కనిపిస్తుందో ఒక్కనాడూ తోచలేదు.

"వాళ్లు రాలేదని నీకు తెలుసు గదా? ఎవురికీ చెప్పలేదే?" అంది అక్క.

"రాసినా గదా అక్కా! అదే గదా చెప్పడం! ఖాళీ చూసి నెల్లూరోళ్లు పడవ పంపించుంటారని నేను అనుకుంటి."

ఆ పడవ మా పాలెంది కాదు. దక్షిణాన అరవదేశం హద్దు దగ్గర ఊరివాళ్లు, వేట కాలానికి మా ఒడ్డున పాకలు వేసుకున్నారు. వాళ్లకోసం ఒడ్డున ఏడ్చే ఆడది లేదు. నేరుగా వాళ్ల ఊరికే పోయి ఉంటారని మా మగవాళ్లు అనుకున్నారు. ఐసు అమ్మే ఆయన దగ్గర ఆ ఊరి నంబరు తీసుకుని అక్క ఫోను చేస్తే అవతల గొంతు తాపీగా, "మీ కాడే ఉండారు గదమ్మా," అంది. అక్క ఆ ఫోను పెట్టేసింది.

తరవాత కంట్రోల్ రూముకు చేసింది.

"మీ సంఘం రిపోర్టులో అన్నీ చేరినట్టుందమ్మా," అన్నారు వాళ్లు.

"ఆ రిపోర్టు పక్కన పెట్టండి సార్. ఒక పడవ రాలేదు. ఐదుగురు నీళ్లల్లో ఉండారు. నా పేరు రాసుకోండి, నా ఉద్యోగం నంబరు రాసుకోండి. నా మాట అబద్ధమైతే నన్నొచ్చి పట్టుకోండి."

రాలేదు అన్న మాట ఆమె అంత గట్టిగా అనేసరికి కామాక్షమ్మ చెవులు మూసుకుంది. అక్క ఆమెవైపు తిరిగి, "పాపమేదన్నా ఉంటే నాకు తగలనీలే. నువ్వు అనలేదు," అంది.

వెతికే పడవ మూడున్నరకు బయలుదేరింది. గాలి పెరిగి వెనక్కి వచ్చింది. మరునాడు తెల్లారి మళ్లీ పోయింది. శ్రీహరికోట వైపు ఇసుకమేట దగ్గర, తిరగబడిన పడవకు నడుములు కట్టేసుకుని నలుగురు దొరికారు. ఐదో మనిషి లేడు. ఆ నలుగురిలో పెద్దాయన చెప్పిన మాట, ముందురోజు పొద్దు కుంకేదాకా ఐదుగురమూ ఉన్నాం అని.

ఆ మాట విన్నాక అక్క రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మూడో రోజు నెల్లూరు పోయి పెద్దదాన్ని విప్పి చూసింది. ఒడ్డునుంచి వచ్చి రెండిటికీ చేరిన కబురు ఒక్కటే. పడవ పేరు, ఐదుగురు, పక్కన ఏమీ చెప్పలేదు. చిన్నది చెప్పనిదాన్ని ఖాళీగా ఉంచింది. పెద్దది మాత్రం చెప్పనిదాన్ని 'వచ్చింది' అని పూరించింది. ఎందుకంటే తుఫానుకు వారం ముందు మేనేజరు ఆ నియమం పెట్టించాడు. ఖాళీ ఉంటే 'వచ్చింది' అని వేసుకో అని. ఆ నియమాన్ని చిన్నదానికి కబురు పోకుండా పెద్దదాంట్లో మాత్రమే చేయించాడు. చిన్నది చూసేదెవరు, పాలెంవాళ్లే కదా అనుకున్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. నెలనెలా పైవాళ్లకు చూపించే కాగితంలో ఖాళీలు కనిపిస్తే సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తుందని వణికే మనిషి, అంతే. అలా వణికేవాళ్లు చేసినంత పని చెడ్డవాళ్లు చేయలేరు.

పదిహేను రోజుల తర్వాత విచారణ అన్నారు. బండి నడిపినవాణ్ణి కాబట్టి నన్నూ పిలిచారు. మేనేజరు గదిలో మేము ముగ్గురమే. ఆయన ఒక కాగితం జరిపాడు. సాంకేతిక కారణాల వల్ల కొంత ఆలస్యం జరిగింది, ఇందులో ఎవరి పొరపాటూ లేదు, అనుమతి లేకుండా వైరు తొలగించినందుకు చింతిస్తున్నాను అని అచ్చుకొట్టి ఉంది. ఆయన గొంతు మెత్తగా ఉంది.

"దీనిమీద సంతకం పెట్టు చాలమ్మా. నీ ఉద్యోగం ఉంటుంది, పాలెంలోనే ఉంటావు. ఎవురికీ ఏమీ కాదు."

అక్క కాగితం రెండుసార్లు చదివింది. ఒకసారి పైనుంచి కిందికి, ఒకసారి కిందినుంచి పైకి.

"పెడతా సార్. ముందు ఆ పడవ మనుషుల చేత పెట్టించండి. వాళ్లు ఒడ్డుకు చేరినట్టు మీ సర్వరులో టైముతో సహా పడింది గదా. ఆ టైముకు వాళ్లు యాడున్నారో వాళ్లనే రాయమనండి. నలుగురు పెడతారు. ఐదో ఆయన చేత మీరే పోయి పెట్టించుకుని రండి."

ఆయన ముఖం నేను చూడలేక కిటికీవైపు తిరిగాను. రోడ్డుమీద బుచ్చిరెడ్డిపాలెం బస్సు హారను కొడుతోంది. వెనకనుంచి ఆయన, "ఇప్పుడు నన్నేం చెయ్యమంటావు?" అన్నాడు.

అక్క టిఫిన్ డబ్బా బల్లమీద పెట్టి మూత తీసింది. వైరు అందులోనే ఉంది, కడిగి ఆరబెట్టి చుట్టి ఉంది. పదిహేను రోజులుగా చిన్నది నెల్లూరుతో తెగతెంపులు చేసుకుని ఒంటరిగానే నడుస్తోంది.

"ఆ నియమం తీసెయ్యండి. తీసేసినాక ఇది పెడతా. ఖాళీ ఖాళీగానే ఉండాల. చూసినోడికి భయం వెయ్యాల. ఉండేది అందుకే."

"అట్టా చేస్తే నిన్ను పాలెంలో ఉంచలేను. నాయుడుపేట గోడౌనుకు పంపించాల్సి వస్తుంది. ఆడ సర్వర్లు లేవు, మూటలే. పైవాళ్లకు నేను ఏదో ఒకటి చూపించాల."

"ముందు తీసెయ్యండి."

ఆయన ఫోనెత్తి ఎవరికో చెప్పాడు. అక్క, "నేను చూడాల," అంది. ఆయన లేచి కుర్చీ ఇచ్చాడు. ఆమె అందులో కూర్చుని నియమం ఉన్న చోటు తెరిచి చూసింది. పోయింది. అప్పటికీ నమ్మక ఉత్తుత్తి పడవ ఒకటి రాసి, వచ్చిందో రాలేదో చెప్పకుండా వదిలి, పెద్దది ఏం చేస్తుందో చూసింది. పెద్దది నోరు మూసుకుంది. ఉత్తుత్తి పడవను చెరిపేసి కుర్చీలోంచి లేచింది.

"ఇప్పుడియ్యండి సార్ మీ బదిలీ కాగితం."

ఆయన సొరుగులోంచి తీశాడు. ముందే అచ్చుకొట్టించి పెట్టుకున్నాడు. అక్క నా జేబులో పెన్ను లాక్కుని, నిలబడే, ఒక్క ముక్క కూడా చదవకుండా సంతకం పెట్టేసింది.

మెట్లు దిగుతుంటే నాకు ఉక్రోషం ఆగలేదు. "ఏందక్కా, గోడమీద అంటించిన కాగితం కూడా రెండుసార్లు చదువుతావే! దాన్ని చదవకుండా పెట్టేసినావే!" అన్నాను.

"దాంట్లో అబద్ధం లేదులే నా," అంది. "పంపిస్తున్నామని రాసినారు. పోతుండా."